దసరా రోజు చెప్పిన అబద్ధం

హైదరాబాద్ పోయిన మేమంతా దసరాకు మా ఊరు చిట్యాల వస్తాం. జమ్మి చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకున్నాక తమ్ముళ్లు పక్కకు పిలిచి అడుగుతారు. "అన్నా, డిగ్రీ అయిపోయింది. హన్మకొండల ఉండాల్నా, హైదరాబాద్ రావాల్నా?" ఏళ్ల తరబడి మేమంతా ఒకే జవాబు చెప్పాం. "హైదరాబాదే రారా, ఈడ ఏమున్నది?"

కొత్త చొక్కాలు వేసుకుని చెప్పాం కాబట్టి నమ్మారు. అమీర్‌పేటలో ఒక్క గదిలో ఆరుగురం పడుకున్న సంగతి చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ కోర్సు అయిపోయాక నెలల తరబడి ఖాళీగా తిరిగిన సంగతి చెప్పలేదు. మాలో కొందరు చెయ్యని ఉద్యోగాన్ని చేసినట్టు కాగితాలు పుట్టించి ఇంటర్వ్యూలకు వెళ్లారు. దొరికిపోయి, ఉద్యోగం పోయాక కూడా ఇంటికి ఫోన్ చేసి "మంచిగున్న" అనే అన్నారు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన పైసలు నాయిన పంపుతుంటే ఆ మాట ఎలా అనగలిగామో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నిజం చెప్పే అవకాశం ఒకసారి దానంతట అదే వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి అందరం ఊరు చేరాం. సిగ్నల్ కోసం చెరువు కట్ట మీద లాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేవాళ్లం. మాలో ఉద్యోగం పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లూ లాప్‌టాప్ తెరిచే కూర్చున్నారు. తెలిసిన మేము నోరు మెదపలేదు. తమ్ముళ్లు మాత్రం ఆ తెరల వెలుగు చూసి, పట్నం పోతేనే బతుకు అనుకున్నారు.

అదే ఏడాది జనవరిలో హన్మకొండ పక్కన మడికొండలో రెండు పెద్ద ఐటీ కంపెనీలు ఆఫీసులు తెరిచాయి. అక్కడ ఎందరిని తీసుకుంటారో, ఏం నేర్చుకుని వెళ్లాలో కనుక్కుని తమ్ముళ్లకు చెప్పినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి, చెల్పూరులో కరెంటు తయారయ్యే కేంద్రం ఉంది. వాటిలో అప్రెంటిస్‌గా ఎలా చేరతారో అడిగి తెలుసుకోలేదు. అందరికీ ఉద్యోగాలు అక్కడ దొరికేవని నేననను. కానీ బేరీజు వేసుకోవడానికి కావలసిన లెక్క మా దగ్గరుంది. గది కిరాయి ఎంత, మెస్‌కు ఎంత, జీతం రాకముందు ఎన్ని నెలలు ఆగాలి, ఇంట్లోవాళ్లు అన్ని నెలలు మోయగలరా? ఆ లెక్క దాచుకున్నాం.

ఆడపిల్లల విషయంలో చేసింది ఇంకా ఘోరం. తమ్ముళ్లకు గొప్పగా చెప్పిన ఆ పట్నాన్నే చెల్లెళ్ల ముందు భయంకరం చేశాం. మా చిన్నమ్మ కూతురికి నాకంటే మంచి మార్కులు. హైదరాబాద్ పోతానంటే ఇంట్లో వద్దన్నారు. నా మాట వింటారని నమ్మి, నన్ను చెప్పమంది. నేను పెద్దల పక్కన కూర్చుని, "హన్మకొండల బీఈడీ చెయ్యి చాలు" అన్నాను. అది నాతో వాదించలేదు. లోపలికి వెళ్లిపోయింది.

పోయిన దసరాకు ఒక తమ్ముడు సూటిగా అడిగాడు: "అన్నా, నెల తిరిగేసరికి నీకెంత మిగుల్తది?" వాళ్లమ్మ పక్కనే నిలబడి వింటోంది. నేను జేబులోంచి ఇంకో జమ్మి ఆకు తీసి ఆమె చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. పిల్లగాడు ఇంకా నా మొహంలోకే చూస్తున్నాడు.