ఎర్ర బటన్ ఒక్కసారే

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో గ్యాసు పైపు చేరని వీధులు ఇంకా చాలా ఉన్నాయి. మసాచుసెట్స్, కనెక్టికట్, న్యూజెర్సీల్లోని అలాంటి ఇళ్లను చలికాలమంతా వెచ్చగా ఉంచేది బేస్‌మెంట్‌లోని నూనె బాయిలరే. డీజిల్‌కు దగ్గరి రకం నూనెను లారీలో తెచ్చి ట్యాంకులో పోస్తారు. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 275 గ్యాలన్ల ట్యాంకు. ఆ రాష్ట్రాల్లో ఇళ్లు కొనుక్కునో, అద్దెకు తీసుకునో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ యంత్రం కొత్త. అర్ధరాత్రి అది ఆగిపోతే పక్కింటివాళ్లో, ఏదో వీడియోనో ఒక ఉపాయం చెబుతారు: బర్నర్ మీద ఎర్ర బటన్ ఉంటుంది, నొక్కితే వెలుగుతుంది. నొక్కగానే వెలుగుతుంది కూడా. గంటకు మళ్లీ ఆగుతుంది, మళ్లీ నొక్కుతారు. ఆ రెండో నొక్కు దగ్గరే ఆగిపోవాలని నేనంటాను. బర్నర్‌ను ఆపింది చెడిపోయిన భాగం కాదు. చాలాసార్లు ఆ యంత్రంలో ఇంకా సరిగ్గా పనిచేస్తున్న భాగమే దాన్ని ఆపుతుంది.

లోపల జరిగేది చూస్తే ఈ మాట బోధపడుతుంది. ఇల్లు చల్లబడిందని థర్మోస్టాట్ కబురు పంపగానే పంపు నూనెను లాగి, చదరపు అంగుళానికి 100 పౌండ్లు, కొత్తవాటిలో అంతకన్నా ఎక్కువ ఒత్తిడితో, సన్నని రంధ్రమున్న నాజిల్ గుండా తుంపరగా చిమ్ముతుంది. ఫ్యాను గాలి తోస్తుంది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వేల వోల్టుల నిప్పురవ్వ ఆ తుంపరను అంటిస్తుంది. మంట వచ్చిందో లేదో కనిపెట్టడానికి కాడ్మియం సల్ఫైడ్‌తో చేసిన చిన్న కన్ను ఒకటి ఉంటుంది. వెలుతురు పడితే దాని విద్యుత్ నిరోధం బాగా తగ్గిపోతుంది. మోడల్‌ను బట్టి 15 నుంచి 45 సెకన్లలోపు ఆ కంటికి వెలుతురు కనిపించకపోతే కంట్రోల్ పెట్టె బర్నర్‌ను ఆపి తాళం వేసుకుంటుంది. ఎందుకంటే మండని నూనె ఎక్కడికీ పోదు, పొయ్యి అరలోనే చేరుతుంది. బటన్ నొక్కినప్పుడల్లా అందులోకి ఇంకో విడత నూనె చేరుతుంది. చివరికి ఎప్పుడో నిప్పంటుకుంటే అదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. అక్కడివాళ్లు దీన్ని పఫ్‌బ్యాక్ అంటారు. జిడ్డుమసి గోడలకు, బట్టలకు, సోఫాలకు పడుతుంది. ఇంకా పెద్దదైతే బాయిలర్ తలుపు ఎగిరిపడవచ్చు, పొగగొట్టం అతుకు ఊడి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు.

కాపాడే పరికరాన్నే అడ్డంకిగా చూడటం ఇవాళ్టి అలవాటు కాదు. ఆవిరి ఇంజన్ల తొలినాళ్లలో ఇంకాస్త ఒత్తిడి కోసం డ్రైవర్లు సేఫ్టీ వాల్వును బిగించేసేవారు, బాయిలర్లు పేలేవి. ఇంగ్లండ్ రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ 1855లో, డ్రైవరు చేత్తో మూసి ఉంచలేని జంట వాల్వును రూపొందించాడు. ఇవాళ్టి నూనె బర్నర్ల కంట్రోల్ పెట్టెల్లోనూ అదే ఆలోచన ఉంది. వరుసగా కొన్నిసార్లు, చాలావాటిలో మూడుసార్లు, మంట అందకపోతే మామూలుగా నొక్కినా తెరుచుకోని తాళం పడుతుంది. దాన్ని తీసే పద్ధతి మెకానిక్ కోసం పెట్టింది. మన ఊళ్లలోనూ ఈ అలవాటుకు కొదవలేదు. ఫ్యూజు పదేపదే పోతోందని లావు తీగ చుట్టేస్తాం. గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోందంటే దాన్నే తీయించేస్తాం. 30 మిల్లీయాంపుల కరెంటు నేలలోకి జారినా పసిగట్టే ఆ పరికరం బాత్రూములో తడిచేతుల్ని కాపాడటానికి పెట్టింది. దాన్ని తీసేశాక కూడా గీజర్ లోపలి లీకేజీ అలాగే ఉంటుంది.

మరి బాయిలర్ లోపలి జబ్బును పట్టుకునేదెలా? అది ఎప్పుడు ఆగుతోందో గమనించడమే అన్నిటికన్నా పనికొచ్చే ఆధారం. నీళ్లు వేడెక్కాక ఆగి, చల్లబడ్డాక తనంతట తాను వెలిగితే అది లోపమే కాకపోవచ్చు, ఉష్ణోగ్రత హద్దు దగ్గర ఆగడం దాని పని. అసలు మంటే రాకుండా ఆగితే ట్యాంకులో నూనె, ఫిల్టరు, నాజిల్, ఎలక్ట్రోడ్లు చూడాలి. వెలిగి, తడబడి ఆరితే పైపులోకి ఎక్కడో గాలి చొరబడుతుండవచ్చు. నూనె పోయించుకున్న రోజే మొదలైతే ట్యాంకు అడుగు మడ్డి కదిలి అడ్డం పడి ఉండవచ్చు. ట్యాంకు ఆరుబయట ఉండి, గడ్డకట్టే చలి రాత్రుల్లోనే ఆగుతుంటే నూనె చిక్కబడుతోందేమో చూడాలి. అన్నిటికన్నా మోసం చేసేది మసి పట్టిన కన్ను. మంట చక్కగా కనిపిస్తూనే ఉంటుంది, అయినా కొద్ది సెకన్లకు బర్నర్ ఆగిపోతుంది. కన్ను తీసి గుడ్డతో తుడిస్తే బాగవుతుంది, సమస్య తీరిందనుకుంటాం. కొన్నాళ్లకు అదే కథ మళ్లీ మొదలవుతుంది. మంట శుభ్రంగా మండితే కంటికి మసి పట్టకూడదు. పట్టిందంటే గాలి చాలడం లేదు, లేదా నాజిల్ అరిగింది, లేదా పొగగొట్టం పొగను సరిగ్గా లాగడం లేదు. ఆ చివరిదైతే మసితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా తయారవుతుండవచ్చు. కన్ను ఒక్కటే తుడిచి వదిలేస్తే ఆ కబురు చెప్పేది కూడా ఉండదు.

దీనికి అభ్యంతరాలున్నాయి, అవి చిన్నవి కావు. బయట సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉంది, ఇంట్లో పసిపిల్లలున్నారు, మెకానిక్ పొద్దున గానీ రాడు, వచ్చినా ఖర్చు ఎక్కువ, ఈలోగా నీళ్ల పైపులు గడ్డకట్టి పగిలితే నష్టం ఇంకా పెద్దది. నిజమే. అందుకే అసలు ముట్టుకోవద్దని నేననడం లేదు. ట్యాంకు మీటరు, బ్రేకరు, థర్మోస్టాట్ బ్యాటరీ, బేస్‌మెంట్ మెట్ల దగ్గరుండే ఎర్ర పలక స్విచ్చు చూసుకుని ఒక్కసారి నొక్కడం సబబే. కరెంటు ఒక్క క్షణం తడబడి ఆగిందైతే ఆ ఒక్క నొక్కుతో తేలిపోతుంది. తేలకపోతే ఆ రాత్రి గడవడానికి వేరే దారులున్నాయి: కుళాయిలు సన్నగా ధార కట్టేలా వదలడం, అందరూ ఒకే గదిలో ఎలక్ట్రిక్ హీటరు పెట్టుకుని పడుకోవడం, చలి మరీ ముదిరితే నీళ్ల మెయిన్ వాల్వు కట్టేయడం. గ్యాసు పొయ్యి వెలిగించి గది వేడి చేసుకోవడం మాత్రం వద్దు. అద్దెకున్నవాళ్లు ఈ భారమంతా తలకెత్తుకోనక్కర్లేదు. మసాచుసెట్స్ ఆరోగ్య నిబంధనల ప్రకారం చలికాలంలో పగలు 68, రాత్రి 64 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి అందేలా తాపన వ్యవస్థను నడిచే స్థితిలో ఉంచడం యజమాని బాధ్యత. బటన్ నొక్కుతూ రోజులు నెట్టే అద్దెదారు తనకున్న హక్కును తానే వాడుకోకుండా వదిలేస్తున్నాడు.

కంట్రోల్ పెట్టే పొరపాటు పడొచ్చు కదా అనేది మరో మాట. పడుతుంది. కన్ను ముసలిదవుతుంది, రిలే చెడిపోతుంది. కానీ పొరపాటుగా ఆగినా, నిజంగా ప్రమాదం ఉండి ఆగినా బేస్‌మెంట్‌లో నిలబడ్డ మనకు కనిపించేది ఒక్కటే: ఆరిపోయిన బర్నర్. రెండింటికీ తేడా చెప్పాలంటే మీటరు పెట్టి కంటి నిరోధం కొలవాలి, పొగను పరికరంతో పరీక్షించాలి. ఆ కొలతలు లేకుండా ‘ఊరికే ఆగుతోంది’ అనుకోవడానికి మన దగ్గర ఆధారమేమీ లేదు.

మెకానిక్ వచ్చాక అతనికి చెప్పాల్సినవి రెండున్నాయి: వెలిగించాక ఎన్ని సెకన్లకు ఆగింది, మనం ఎన్నిసార్లు బటన్ నొక్కాం. మొదటిది అందరూ చెబుతారు. రెండోది చెప్పడానికి మొహమాటపడి ఒక్కసారే నొక్కామనేస్తారు. అప్పటికి పొయ్యి అరలో ఎంత నూనె చేరి ఉందో అతనికి తెలియదు. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని వెలిగించబోయేది అతనే.