ఊరి బడ్జెట్‌లో మన పద్దు ఎక్కడ?

మున్సిపల్ బడ్జెట్ అనగానే అది ఆఫీసర్ల లెక్క, కార్పొరేటర్ల తగాదా అనుకుని మనలో చాలామందిమి పక్కకు పెట్టేస్తాం. కానీ నల్లా రోజూ వస్తుందా, రోజు విడిచి రోజు వస్తుందా, వచ్చేది పొద్దున్నా, అర్ధరాత్రా అన్నది తేలేది ఆ కాగితాల్లోనే. ఆ నీళ్ల కోసం మేలుకొని కూర్చునేది ఎవరో వేరే చెప్పాలా?

గోదావరికి ఈ ఒడ్డున రామగుండం, గోదావరిఖని. ఆ ఒడ్డున మంచిర్యాల, జైపూర్. జైపూర్ మండలంలో సింగరేణి వారి 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం 2016 నుంచి కరెంటు ఇస్తోంది. అదే మండలంలోని ఇందారంలో ఓపెన్‌కాస్ట్ గని ఉంది. రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లది. ఇంత సంపద పుట్టే నేల మీద స్థానిక ప్రభుత్వాల చేతిలో మాత్రం చిల్లర డబ్బులే ఆడతాయి. జైపూర్ పల్లెలకు ఉన్నది గ్రామ పంచాయతీ. రామగుండానికి 2009 నుంచి కార్పొరేషన్ ఉంది. పేరులో తేడా ఉన్నంతగా అధికారంలో తేడా లేదు.

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం చూడండి. జీతాలు, కరెంటు బిల్లులు, అప్పుల వాయిదాలు ముందు పోవాలి. 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. ఆ తరువాత మిగిలిన దాని మీదే కౌన్సిల్ కొట్లాట. అంచనాలు తయారుచేసేది కమిషనర్. మొక్కలు వద్దనం, బొగ్గు దుమ్ము తినే ఊళ్లకు చెట్లు మరీ అవసరం. కానీ మొక్కకు చట్టంలో వాటా రాసి పెట్టినవాళ్లకు, మార్కెట్‌లో పొద్దంతా కూర్చునే స్త్రీకి మూత్రశాల కావాలన్న సంగతి ఎందుకు తట్టలేదు?

2020 ఎన్నికల్లో రామగుండంలో 50 డివిజన్లు. చట్టప్రకారం సగం స్త్రీలవి. అది మన పోరాటాల ఫలితమే, తక్కువ చేయనక్కర్లేదు. అయితే కుర్చీ వచ్చినంత మాత్రాన సంచి తాళం రాలేదు. 2025 జనవరిలో ఆ పాలకవర్గం గడువు ముగిసింది, ఎన్నికలు జరగలేదు, ప్రత్యేకాధికారి వచ్చారు. 2025–26 బడ్జెట్‌కు ఎన్నికైన ఒక్క మనిషీ, ఆడ గానీ మగ గానీ, చెయ్యెత్తలేదు.

అసలు డబ్బు ఇంకోచోట ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి ట్రస్టులు పెట్టారు. పాత లీజు గనులు రాయల్టీకి తోడు అందులో 30 శాతం ఈ నిధికి కట్టాలి. తాగునీరు, వైద్యం, చదువు, స్త్రీ శిశు సంక్షేమం వంటి వాటికి కనీసం 60 శాతం పెట్టాలని మొదటి మార్గదర్శకాలు అన్నాయి. 2024లో దాన్ని 70 శాతం చేశారు. మాట బాగానే ఉంది. కానీ ఏ పని ముందు, ఏది వెనక అన్నది తేలేది కలెక్టరేట్‌లో. దుమ్ము పడేది మన గిన్నెల్లో, లెక్క రాసేది జిల్లా కేంద్రంలో!

కంపెనీ కాలనీల సంగతి మరొకటి. క్వార్టర్లలో కంపెనీ నీళ్లు, కంపెనీ దవాఖాన. గోడ దాటితే కార్పొరేషన్ మోరీ. ప్రభుత్వ కంపెనీ కాబట్టి పన్ను అడగరాదనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ ఆస్తికి ఉన్న మినహాయింపు దాని కంపెనీకి వర్తించదని 1999లోనే హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ ఊళ్లో ఏ కంపెనీ ఎంత కడుతోంది, ఎంత బాకీ ఉందో అడగడం మన హక్కు.

ఇక ఆర్థిక విధానం. 1952 గనుల చట్టం స్త్రీని భూగర్భంలోకి రానివ్వలేదు. 2019లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు, అదీ సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాలకే, పగటిపూటే. కాబట్టి ఈ ఊళ్లలో స్త్రీల బతుకు బాయి పనివాళ్ల జీతం చుట్టూ అల్లుకుంది: కూరగాయల గంప, టిఫిన్ బండి, కుట్టుమిషను, క్వార్టర్లలో ఇంటిపని. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలు. ఓపెన్‌కాస్టుల్లో యంత్రాలు వచ్చాయి, కాంట్రాక్టు పని పెరిగింది. ఉద్యోగం పోయిన మగవాళ్ల లెక్క కంపెనీ రికార్డుల్లో దొరుకుతుంది. వాళ్లు కొనడం మానేయడంతో పడిపోయిన గంపల లెక్క ఎవరు రాశారు? స్త్రీల ఆర్థికాభివృద్ధి అంటే పొదుపు సంఘం అప్పు ఒక్కటే అయిపోయింది. కొనేవాడు లేని బజారులో అప్పు తెచ్చి పెట్టిన బండి ఎన్నాళ్లు నడుస్తుంది?

2014 వీధి వ్యాపారుల చట్టం కింద ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం వ్యాపారులే, వాళ్లలో మూడోవంతు స్త్రీలు. ఎక్కడ కూర్చోవాలి, ఎంత కట్టాలి అన్నదే ఊరి ఆర్థిక విధానం కదా. 2019 చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది, అందులో ఒకటి స్త్రీలది. మీ వార్డులో అది ఉందా? ఉంటే, బడ్జెట్ ముసాయిదా దాని ముందుకు ఎప్పుడైనా వచ్చిందా?

కాదు, ఇది అయ్యే పని కాదు అనేవాళ్లకు కేరళ ఉంది. 1996లో మొదలైన ప్రజా ప్రణాళికలో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చారు. వాటిలో 10 శాతం స్త్రీల పథకాలకు అన్నారు. అక్కడా ఆ డబ్బును కుట్టుమిషన్లకే పరిమితం చేసిన ఊళ్లు ఉన్నాయి. అయినా గ్రామసభలో నిలబడి ఇది మా పద్దు అనడానికి స్త్రీలకు ఒక అంకె దొరికింది.

బడ్జెట్ మార్చి 31 లోపు ఆమోదం పొందాలి. ఫిబ్రవరిలో అడిగితే ఆలస్యమే, నవంబరు నుంచే వెంటపడాలి. సమాచార హక్కు దరఖాస్తుకు కార్పొరేషన్‌లో 10 రూపాయలు, మండలంలో 5, గ్రామ పంచాయతీలో రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. గత రెండేళ్ల బడ్జెట్, అసలు ఖర్చు, మీ మండలంలో ఖనిజ నిధి పనుల జాబితా, ఈ మూడూ అడగండి. వచ్చిన కాగితాల నకళ్లు మాకు పంపండి, వచ్చే సంచికలో ఊరి పేరుతో సహా వేస్తాం. జవాబు రాకపోతే ఆ సంగతీ వేస్తాం.