బండికి బీమా, మనుషులకు మొండిచేయి

శ్రావణమాసంలో సోమవారం గానీ గురువారం గానీ ఉరుకుంద గుడి రోడ్డు చూస్తే మన మోటారు బీమాకు ఎక్కడ చిల్లు పడిందో తేటతెల్లమవుతుంది. ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి, తుంగభద్ర అవతల రాయచూరు, సింధనూరుల నుంచి ఈరన్నస్వామి మొక్కు తీర్చుకోవడానికి వచ్చే కుటుంబాలు సొంత కార్లు, బాడుగ కార్లు, ఆటోలు, సరుకు బండ్లు, ట్రాక్టర్ ట్రాలీలు, ఏది దొరికితే అందులో కిక్కిరిసి వస్తాయి. పోలీసు ఆపితే డ్రైవరు ఫోను తీసి ఇన్సూరెన్స్ చూపిస్తాడు. తేదీ దాటలేదు గనుక బండి కదులుతుంది. ఆ కాగితం లోపల కూర్చున్నవాళ్లలో ఎవరికి అక్కరకొస్తుందో పోలీసు అడగడు, డ్రైవరుకు తెలియదు, పాలసీ అమ్మిన ఏజెంటు చెప్పడు. చెప్పాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి నోరు మెదపకపోవడమే మేము ఇక్కడ మోపుతున్న నేరం.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఎక్కితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ భయానికే చాలామంది అన్నిటికంటే తక్కువ ధరది ఒకటి కట్టేసి చేతులు దులుపుకుంటారు. మన కారు నుజ్జయినా ఆ పాలసీ పైసా ఇవ్వదన్న సంగతి ఊరందరికీ తెలుసు. తెలియని సంగతి ఇంకొకటుంది. ఆ కారు వెనక సీట్లో కూర్చున్న తల్లి, పిల్లలు, బంధువులు, తోడుకోసం వచ్చిన పక్కింటివాళ్లు కూడా ఆ పాలసీ లెక్కలో లేరు. రోడ్డు మీద నడిచేవాడు ఉన్నాడు, ఎదుటి బండిలోనివాళ్లు ఉన్నారు, మన కారు గుద్దిన గోడ కూడా ఉంది. మన కారులోని మన మనుషులు లేరు.

ఇది మా అభిప్రాయం కాదు. చట్టం కోరేంత వరకే ఉన్న పాలసీ బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో తేల్చింది. అది స్కూటరు వెనక కూర్చున్న మనిషి కేసు. కాబట్టి మోటారు సైకిలు మీద భార్యను ఎక్కించుకుని ఉరుకుందకు వచ్చేవాడికీ ఇదే సూత్రం. ఫుల్ ఇన్సూరెన్స్ అని మనవాళ్లు పిలిచే ప్యాకేజీ పాలసీ ఉంటే కారులోనివాళ్లకూ, బైకు వెనక కూర్చున్నవాళ్లకూ బీమా కంపెనీ బాధ్యత వహించాల్సిందేనని బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరులోనే కంపెనీలకు సర్క్యులర్ పంపింది. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఆ తేడానే ఖాయం చేసింది. అంటే కంపెనీలకు తెలుసు, నియంత్రణ సంస్థకు తెలుసు, కోర్టులకు తెలుసు. ఏటేటా డబ్బు కట్టేవాడికి మాత్రం తెలియదు.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ప్రమాదంలో ఎదుటి బండి తప్పుంటే, దానికి బీమా ఉంటే, మన కారులోనివాళ్లు ఆ కంపెనీ మీద దావా వేసుకోవచ్చు. 2025 మార్చిలో ఆదోని మండలం పాండవగల్లు దగ్గర కర్ణాటక ఆర్టీసీ బస్సు రెండు బైకులను ఢీకొని అయిదుగురు చనిపోయారు. అలాంటి చోట అడగడానికి ఎదుట ఒక సంస్థ ఉంటుంది. కారు దానంతట అదే అదుపు తప్పి కల్వర్టు మీదినుంచి వంకలో పడితే, చెట్టును గుద్దుకుంటే ఎవరిని అడగాలి? థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న కారులో అయితే నడిపినవాడినే. నడిపినవాడు అన్నో, మేనమామో అయి ఉంటాడు. పోనీ, నడిపినవాడే చనిపోతే? యజమాని స్వయంగా నడుపుతుంటే, లైసెన్సు ఉంటే, వ్యక్తిగత ప్రమాద బీమా కట్టి ఉంటే 15 లక్షల దాకా వస్తుంది. తమ్ముడు కారు అడిగి తీసుకుని నడిపితే ఆ 15 లక్షలు అతనికి రావు. అరువు తీసుకున్నవాడు యజమాని స్థానంలో ఉన్నట్టేనని, థర్డ్ పార్టీ కింద అడగడానికి వీల్లేదని 2009లో నింగమ్మ కేసు తేల్చింది.

ఇంత పెద్ద తేడా ఎన్ని రూపాయల దగ్గర పుడుతోంది? థర్డ్ పార్టీ ధరను కంపెనీలు పెట్టవు, కేంద్ర ప్రభుత్వం పెడుతుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1000 సీసీ దాకా ఉన్న సొంత కారుకు 2,094 రూపాయలు, 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897. దాని మీద 18 శాతం జీఎస్టీ. ఏ కంపెనీ దగ్గర కట్టినా ఈ మొత్తం మారదు గనుక "మా దగ్గర థర్డ్ పార్టీ తక్కువ" అనేవాడిని నమ్మనక్కర్లేదు. ప్యాకేజీలో సొంత కారు నష్టానికి కట్టే భాగం మాత్రం వేరు. 2007లో దాని ధరను కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఒకే కారుకు రెండు కంపెనీలు రెండు రేట్లు చెప్పేది అందుకే. ఇక్కడే ఒక మాయ జరుగుతుంది. కారు విలువను, అంటే ఐడీవీని, కాగితం మీద తగ్గించి రాస్తే ప్రీమియం కూడా తగ్గుతుంది. కట్టేవాడు బేరం గిట్టిందనుకుంటాడు. కారు పూర్తిగా పోయిన రోజున ఆ తగ్గించిన విలువే చేతికొస్తుంది. ఏడాది దాటిన కారుకు 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు తీసేయడం పద్ధతి. అంతకంటే కిందికి దించితే ఎందుకని అడగాలి. క్లెయిము లేని ఏళ్లకు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా వచ్చే నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మనిషిది. కారు అమ్మినా అది మనతోనే ఉంటుంది. పాలసీ గడువు దాటిపోయి 90 రోజులు గడిస్తే మాత్రం పోతుంది.

బాడుగ కార్ల సంగతి ఇంకా ఘోరం. పండుగ రోజుల్లో ఆదోనిలో, ఎమ్మిగనూరులో తెల్ల నంబరు ప్లేటున్న ఓన్ బోర్డు కార్లు బాడుగకు తిరగడం బహిరంగ రహస్యం. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. 1000 నుంచి 1500 సీసీ మధ్య ఉన్న కారు సొంతదైతే థర్డ్ పార్టీ 3,416 రూపాయలు. అదే కారు టాక్సీ అయితే 7,940, దానికి తోడు ప్రయాణికుడికి 978 చొప్పున. నలుగురికి లెక్కేస్తే మొత్తం 11,852. మూడున్నర రెట్లు. పైగా పర్మిట్, ఫిట్‌నెస్, పన్ను. డ్రైవరు చేసేది తప్పే, అనుమానం లేదు. అయితే ఆ తప్పుకు శిక్ష పడేది ఎవరికి? బాడుగ ఇచ్చి ఎక్కిన కుటుంబానికి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీని బాడుగకు వాడారని తేలగానే కంపెనీ లాయరు లేచి నిలబడి తమకు సంబంధం లేదంటాడు. కారు ఎక్కేముందు నంబరు ప్లేటు పసుపుదో తెల్లదో చూసుకోవాలని ఆ కుటుంబానికి ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా?

అసలు పాపం మాత్రం సరుకు బండ్ల దగ్గర ఉంది. కౌతాళం, కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద మండలాల్లో వానలు మొహం చాటేస్తే జనం గుంటూరు మిరపతోటలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. పిల్లాపాపలతో, మూటాముల్లెతో బొలెరోల వెనక ఎక్కే ప్రయాణం అది. ఉరుకుంద మొక్కుకు పోయేదీ చాలాసార్లు ఆ బండిలోనే. ఏడున్నర టన్నుల లోపు సరుకు బండికి యజమాని ఏటా కట్టే థర్డ్ పార్టీ 16,049 రూపాయలు. అంత కట్టాక అందరికీ రక్షణ ఉందని అతను అనుకోవడంలో తప్పేముంది? కానీ 1994 సవరణ తర్వాత సరుకు బండిలో సరుకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రమే చట్టం చోటిచ్చింది. ఊరికే ఎక్కినవాళ్లకు, చార్జీ ఇచ్చి ఎక్కినవాళ్లకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ట్రాక్టరుకైతే డ్రైవరు సీటు ఒక్కటే. ట్రాలీలో నిలబడ్డ ముప్పై మంది చట్టం దృష్టిలో అక్కడ ఉండకూడనివాళ్లు.

కొన్ని కేసుల్లో కోర్టులు జాలిపడి, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. 2004లో బల్జీత్ కౌర్ కేసులో అదే జరిగింది. బాధితులకు అది మేలే. యజమాని ఎవరు? బ్యాంకు అప్పు మీద బొలెరో తెచ్చుకున్న మెట్ట రైతు. పత్తి పండని ఏడాది బండి బాడుగే అతని బతుకు. లక్షల రూపాయల రికవరీ నోటీసు వస్తే అమ్మడానికి మిగిలేది పొలమొక్కటే. ఏటా 16 వేలు తప్పకుండా కట్టిన మనిషికి దక్కే ఫలితం ఇది.

సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారంలోనూ ఇదే మౌనం. బెంగళూరు, హైదరాబాదుల్లో కొన్న పాత కారు పాత యజమాని పేరుతోనే ఏళ్ల తరబడి ఆదోనిలో తిరుగుతుంది. థర్డ్ పార్టీ భాగం చట్టరీత్యా కొత్త యజమానికి బదిలీ అయినట్టే లెక్క. సొంత నష్టం భాగం మాత్రం 14 రోజుల్లో కంపెనీకి తెలిపి పేరు మార్పించుకోకపోతే చిక్కే. అమ్మినవాడూ నిశ్చింతగా ఉండడానికి లేదు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో నవీన్ కుమార్ కేసు తీర్పు.

ఇప్పుడు ముద్దాయిల పేర్లు చదువుదాం. మొదటి ముద్దాయి బీమా నియంత్రణ సంస్థ. అది ఢిల్లీలో లేదు, మన హైదరాబాదులోనే ఉంది. తెలుగు నగరంలో కూర్చుని తెలుగువాడి చేతికి ఇంగ్లీషు పాలసీ కాగితం వెళ్తుంటే చూస్తూ ఉంది. కొత్త కారు కొన్నవాడు ఈరన్నస్వామి ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి ఎంతో శ్రద్ధ చూపిస్తాడు గానీ పాలసీ చదవడని వెక్కిరించేవాళ్లున్నారు. ఏ భాషలో చదవాలి, ఏ భూతద్దంతో చదవాలి? రెండో ముద్దాయి రవాణా శాఖ. తనిఖీల్లో అది చూసేది తేదీని. బండి తరగతికీ, అందులో ఎక్కినవాళ్లకూ పాలసీ పొసుగుతుందో లేదో చూడదు. బాడుగకు తిరిగే తెల్ల బోర్డు కార్లు, జనాన్ని నింపుకున్న సరుకు బండ్లు దాని కళ్ల ముందే పోతాయి. మూడో ముద్దాయి కంపెనీలు. అమ్మేటప్పుడు మాటల పందిరి, అడిగేటప్పుడు నిబంధనల చిట్టా. నాలుగోది పార్లమెంటు. 2019లో చట్టాన్ని సమూలంగా సవరించి జరిమానాలు పెంచింది, పరిహారం దరఖాస్తుకు ఆరు నెలల గడువు తెచ్చిపెట్టింది. ఆ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టు దాకా వివాదం నడిచింది. కారులో కూర్చున్న కుటుంబాన్ని తప్పనిసరి బీమాలో చేర్చే పని మాత్రం చేయలేదు.

అది అసాధ్యమేమీ కాదు. 2025 మేలో అమల్లోకి వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందాలి. గాయపడినవాడు ముందు సీట్లో ఉన్నాడా, వెనక ఉన్నాడా, రోడ్డు మీద ఉన్నాడా అని ఆ పథకం అడగదు. ఆసుపత్రిలో లేని తేడా పరిహారంలో ఎందుకు? ప్రీమియం పెరుగుతుందని కంపెనీలు అంటాయి. ఎంత పెరుగుతుందో లెక్క బయట పెట్టమనండి. కుటుంబం మొత్తానికి రక్షణ వస్తుందంటే కట్టాలో వద్దో జనమే చెబుతారు.

చట్టం మారేదాకా ఆగకుండా చేయగలిగిన పనులున్నాయి. ప్రతి పాలసీ మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఒకే వాక్యం అచ్చు వేయించాలి: ఈ పాలసీ బండి లోపలివారికి వర్తిస్తుంది, లేదా వర్తించదు. ఈ ఆదేశం ఇవ్వడానికి నియంత్రణ సంస్థకు పార్లమెంటు అనుమతి అక్కర్లేదు. శ్రావణం వారాల్లో ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం డిపోల నుంచి ఊళ్లకే బస్సులు పంపితే సరుకు బండ్ల అవసరం సగం తీరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది కూడా. కౌతాళం పక్క పల్లెకు బస్సే రాకపోతే ఆ ఉచితం ఎవరికి?

పాఠకులకు ఒక విన్నపం. ఈ రోజే మీ పాలసీ తీసి చూడండి. పైన 'లయబిలిటీ ఓన్లీ' అని ఉంటే ప్రమాదానికి మీ కారే కారణమైనప్పుడు అందులోని మీవాళ్లకు దాని నుంచి ఏమీ రాదు. రెన్యువల్ రోజున ప్యాకేజీ అడగండి, లేదా ప్రయాణికులకు వ్యక్తిగత ప్రమాద బీమా కలపమనండి. ఏజెంటు అక్కర్లేదంటే ఆ మాటే రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. కంపెనీ న్యాయమైన క్లెయిము ఎగ్గొడితే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు, లాయరు అవసరం లేదు.