మన ఇంటి యంత్రాలు: మొండికేసిన మోరిస్ మైనరు

గత సంచికలో ఈ శీర్షికన వాటర్ హీటర్ల గురించి రాసినప్పుడు, "పాత కార్ల సంగతి కూడా కాస్త రాయండి" అని ముగ్గురు నలుగురు అడిగారు. తీరా చూస్తే అడిగినవారందరి ఇళ్ళలోనూ షెడ్డులో దుప్పటి కప్పుకొని ఒక పాత బండి పడుకుని ఉంది. అందులో రెండు మోరిస్ మైనర్లే. కనుక ఈసారి దాని గురించే.

మోరిస్ మైనరు 1948లో ఇంగ్లండులో పుట్టింది. దాన్ని రూపొందించిన అలెక్ ఇసిగోనిసే తరువాత మినీ కారును కూడా సృష్టించారు. 1956 నుంచి 948 సీసీ ఇంజను, 1962 నుంచి 1098 సీసీ ఇంజను వచ్చాయి. 1971 దాకా తయారైంది. అప్పట్లో ఈ దేశంలో టీచర్లకు, గుమాస్తాలకు, ఎస్టేటు ఉద్యోగులకు ఇది అందుబాటులో ఉన్న కారు. మన దేశంలో హిందుస్తాన్ మోటార్స్ వారు దీన్నే బేబీ హిందుస్తాన్ అని తయారు చేశారు. మనందరం ఎక్కి తిరిగిన అంబాసిడరు దీనికి అన్నగారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సీరీస్ నుంచి వచ్చిందే. కాబట్టి విజయవాడలోనో వరంగల్లులోనో అంబాసిడరు బానెట్టు ఎత్తి చూసినవారికి మైనరు ఇంజను కొత్తగా అనిపించదు. 1985 జూలై 9న విడుదలైన తొలి ప్రోటాన్ సాగా కూడా కార్బ్యురేటరు బండే. దానికీ ఈ వ్యాసంలో సగం వర్తిస్తుంది.

"బండి స్టార్టు కావడం లేదు" అన్నది ఫిర్యాదే గాని రోగం పేరు కాదు. మా ఆవిడ డాక్టరు. "కడుపు నొప్పి అని వచ్చినవాడికి ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడగకుండా మందు రాస్తామా?" అంటుంది. పాత కార్ల విషయంలో మనవాళ్ళు చేసేది సరిగ్గా అదే. ముందు బ్యాటరీ మారుస్తారు, తరువాత ప్లగ్గులు, ఆ తరువాత కార్బ్యురేటరు విప్పిస్తారు. ఒకేసారి మూడు మారిస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

మొదట చూడవలసింది సెల్ఫు తిరుగుతోందా లేదా అని. హెడ్‌లైట్లు వేసి సెల్ఫు లాగండి. (మైనర్లలో చాలావాటికి తాళం తిప్పడం కాదు, గుబ్బ పట్టుకు లాగడమే.) లైట్లు వెలవెలబోతే బ్యాటరీలో బలం లేదు, లేదా టెర్మినళ్ళు చిలుము పట్టాయి. ఈ తేమలో ఆ చిలుము నెలల్లో పేరుకుంటుంది. అవి రెండూ బాగుండి కూడా లైట్లు వెలవెలబోతే స్టార్టరు పళ్ళు ఫ్లైవీలులో ఇరుక్కున్నాయేమో చూడాలి. ఇగ్నిషను ఆపి, టాప్ గేరులో పెట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే విడిపోతాయి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా సెల్ఫు కదలకపోతే కరెంటు స్టార్టరు దాకా పోవడం లేదన్నమాట.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది కనుక దానికీ బాడీకీ మధ్య ఒక ఎర్తు పట్టీ ఉండాలి. అది తెగితే, సెల్ఫుకు కావలసిన కరెంటంతా చోకు తీగ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫు నీరసంగా తిరుగుతూ, చోకు తీగ వేడెక్కి పొగ వస్తే బ్యాటరీని తిట్టకండి, ఆ పట్టీని వెతకండి. ఇంకొకటి: ఈ బండ్లు ఫ్యాక్టరీ నుంచి పాజిటివ్ ఎర్తుతో వచ్చాయి. ఎవరైనా మధ్యలో మార్చారేమో చూసుకోకుండా పక్క కారు నుంచి తీగలు కలపవద్దు.

సెల్ఫు చక్కగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే, ఇక ప్రశ్నలు రెండే: నిప్పు ఉందా, పెట్రోలు ఉందా? మైనరులో పెట్రోలు సంగతి చెవితోనే తెలుసుకోవచ్చు. తాళం తిప్పగానే ఎస్.యు. ఎలక్ట్రిక్ పంపు టిక్ టిక్ మని కొట్టుకుని, కార్బ్యురేటరు గిన్నె నిండగానే ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ట్యాంకు ఖాళీ, లేదా పైపులో గాలి పీలుస్తోంది, లేదా గిన్నె పొంగి పొర్లుతోంది. గిన్నె ఖాళీగా ఉన్నా అసలు చప్పుడే లేకపోతే పంపు లోపలి పాయింట్లు మాడి ఉండవచ్చు. స్పానరు పిడితో మెల్లగా తడితే ఇంటిదాకా చేర్చే బండ్లు చాలా ఉన్నాయి. అది వైద్యం కాదు, ప్రథమ చికిత్స.

నిప్పు చూడడానికి ఒక ప్లగ్గు తీగను ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగు ప్లేయరుతో పట్టుకొని, దాని కొన ఇంజను లోహానికి అయిదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి ఇంకొకరిని సెల్ఫు లాగమనాలి. నీలంగా, చిటపటమంటూ దూకితే మంచిది. పసుపుపచ్చగా, పలచగా ఉంటే ఇగ్నిషనులో లోపం. చుట్టుపక్కల పెట్రోలు చెమ్మ లేదని రూఢి చేసుకున్న తరువాతే ఈ పని. వానాకాలపు సాయంత్రం అయితే ముందు డిస్ట్రిబ్యూటరు మూత తీసి లోపలా బయటా పొడిగుడ్డతో తుడవండి. చాలా బండ్లకు అంతకు మించి అక్కరలేదు.

ఇప్పుడు అసలు కేసు. మా మిత్రుడొకాయన బగాన్ దాతుక్ వైపు వాడు. వాళ్ళ పూర్వులు శ్రీకాకుళం నుంచి కొబ్బరి తోటల పనికి వచ్చినవారు. వాళ్ళ నాన్నగారి 1098 సీసీ మైనరుకు ఒక జబ్బు ఉండేది. పొద్దున్నే ఒక్క లాగుకు స్టార్టవుతుంది. పదిహేను ఇరవై కిలోమీటర్లు పోయాక ఆగిపోతుంది. అరగంట ఆగితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఇక్కడ మెకానిక్కును పోమెన్ అంటారు కదా, ముగ్గురు పోమెన్లు చూశారు. ఒకరు ఎండకు పెట్రోలు ఆవిరైపోతోందన్నారు, ఒకరు పంపు మార్చారు. మూడో ఆయన ఇంజను మొత్తం విప్పాలని, దానికయ్యే ఖర్చుకు బండి విలువ చాలదని తేల్చారు. పాత ఇనుము కొనేవాడు కూడా ఒకడు వచ్చి చూసి వెళ్ళాడు. మిత్రుడి తల్లిగారికి ఎనభై దాటాయి. "బాబూ, నా పిల్లలు ముగ్గురూ ఈ బండిలోనే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినారు. దీన్ని ఇనుముకి అమ్మీమంటన్నారు" అన్నారావిడ. ఆ ఒక్క మాటే అన్నారు.

నేను ఆ ముగ్గురినీ తప్పు పట్టను. వాళ్ళు చూసినప్పుడల్లా బండి చల్లగా, ఆరోగ్యంగా ఉంది. జ్వరం దిగాక థర్మామీటరు పెడితే ఏం తెలుస్తుంది? అందుకే మేం దాన్ని కావాలనే జబ్బు పడేదాకా నడిపాం. మధ్యాహ్నం ఎండలో, కొబ్బరి తోటల మధ్య, అనుకున్నట్టే ఆగింది. "అన్నా, కాసేపు ఆగుదామా?" అన్నాడు మిత్రుడు. వద్దు, ఇప్పుడే చూడాలన్నాను. తాళం తిప్పితే పంపు రెండు మూడు టిక్కులు కొట్టి ఆగింది. గిన్నె నిండుగా ఉంది, పెట్రోలు ఆవిరి కాలేదు. ప్లగ్గు తీగ పట్టి చూస్తే పలచని పసుపు నిప్పు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి సెల్ఫు లాగిస్తే, ప్లగ్గు దగ్గర ఉండవలసిన మెరుపంతా పాయింట్ల దగ్గర మెరుస్తోంది.

అది కండెన్సరు పని. పాయింట్లు విడిపోయే క్షణంలో వాటి మధ్య దూకబోయే కరెంటును కండెన్సరు తనలోకి తీసుకుంటుంది. అప్పుడే కాయిలులో అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి వేల వోల్టులు పుడతాయి. కండెన్సరు వేడికి పాడైతే కరెంటు పాయింట్ల దగ్గరే మండిపోతుంది, ప్లగ్గుకు ఏమీ మిగలదు. చల్లారితే మళ్ళీ కొంతసేపు పనిచేస్తుంది. కాయిలు కూడా ఇదే వేషం వేయగలదు గాని, అప్పుడు పాయింట్ల దగ్గర ఇంత మంట సాధారణంగా కనబడదు.

వాళ్ళ నాన్నగారు డిక్కీలో ఒక మైలో డబ్బా ఉంచేవారట. తీసి చూస్తే పాత పాయింట్లు, ఒక రోటరు, కాగితంలో చుట్టిన కండెన్సరు ఒకటి. అదే వేశాం. పాయింట్లు ఆకురాయితో సాపు చేసి 0.4 మిల్లీమీటర్ల ఎడం పెట్టాం. సాయంత్రం దాకా తిరిగాం, ఆగలేదు. ఇప్పుడు బజారులో వచ్చే కొత్త కండెన్సర్లు, రోటర్లు కొన్ని నాసిరకంవి. కాబట్టి పనిచేస్తున్న పాతవాటిని పారేయకండి.

నిప్పు, పెట్రోలు రెండూ బాగున్నా బండి దగ్గుతూ ఉంటే అప్పుడు కంప్రెషను చూడాలి, అంతకుముందు కాదు. నాలుగు సిలిండర్లలో ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే లోపం వాల్వుల్లోనో హెడ్ గాస్కెట్టులోనో ఉంది. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు కాలంలో పుట్టినవి. ఇప్పటి పెట్రోలులో సీసం లేదు కనుక ఎగ్జాస్టు వాల్వు కూర్చునే చోటు మెల్లగా అరిగి, వాల్వు ఎడం తగ్గిపోతుంది. అది చల్లని ఇంజనులో 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. సరిచేసిన ప్రతిసారీ మళ్ళీ తగ్గుతుంటే హెడ్డు విప్పి గట్టి సీట్లు వేయించవలసిందే.

చోకు గురించి ఒక మాట. ఈ వేడి దేశంలో అది క్షణం సేపే కావాలి. ఎక్కువ లాగితే ప్లగ్గులు తడిసి నల్లబడతాయి. అలా అయితే చోకు లోపలికి నెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫు లాగండి.

ఏళ్ళ తరబడి కదలని బండిని మాత్రం ఉత్సాహం కొద్దీ స్టార్టు చేయవద్దు. వార్నిషు వాసన వేసే పాత పెట్రోలు తీయించండి. రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. ప్లగ్గులు విప్పి ప్రతి సిలిండరులో కాస్త ఆయిలు పోసి, ఇంజనును హ్యాండిలుతో మెల్లగా తిప్పి చూడండి. బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉండాలి, హ్యాండిలు చుట్టూ తిప్పకూడదు. ఇంజను వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. తరువాత తాళం తిప్పి, సెల్ఫు లాగకుండా, పంపు కొట్టుకుంటున్నంతసేపూ ఎక్కడైనా పెట్రోలు కారుతోందా అని చూడండి. పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి, పిల్లలు ఉండకూడదు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. మైనరు మాత్రం దాణా కూడా మితంగానే తింటుంది. 948 సీసీ బండికైతే రోడ్ టాక్సు ఏడాదికి 20 రింగిట్లే. మిత్రుడి బండి డిక్కీలో ఇప్పుడు ఆ మైలో డబ్బా పక్కన ఇంకో డబ్బా కూడా చేరింది. ఆపడం సంగతి చూడకుండా నడపడం గురించే రాశానని మా ఆవిడ అంటోంది. దీపావళి సంచికలో బ్రేకులు.