ఆ రాళ్లు మన చేతికి వద్దు

యేసయ్యను వెక్కిరించే వీడియో వాట్సాప్‌లో వస్తే, వాళ్లను జైల్లో వేయించాలని మనలో కొందరు అంటున్నారు. బాధ నిజమే. అయినా ఆలోచిద్దాం.

పాకిస్తాన్‌లో ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలీ స్త్రీకి, మంచినీళ్ల దగ్గర మొదలైన గొడవ దైవదూషణ కేసై, 2010లో మరణశిక్ష పడింది. ఆమె పక్షాన మాట్లాడిన గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011లో సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. 2018లో సుప్రీంకోర్టు ఆమెను నిర్దోషిగా విడిచిపెట్టింది. చెరలో పోయిన ఏళ్లు ఎవరిస్తారు?

మన ప్రభువు మీద ప్రధానయాజకుడు మోపినదీ దైవదూషణే (మత్తయి 26:65). స్తెఫనును రాళ్లతో కొట్టిందీ ఆ పేరుతోనే. ఆ రాళ్లు మనం పట్టుకోవచ్చా? కొట్టండి, చంపండి అని రెచ్చగొట్టే మాటను చట్టం ఆపాలి. వెక్కిరింపుకు మాత్రం మన జవాబు ప్రార్థన, మంచి నడవడి. ఆమేన్.