పక్షులతో పాటు పళ్లెంలోకీ చూడండి

తిరుపతికి చుట్టాలొస్తే మనం చూపించేవి ఏవి? కొండ, తిరుచానూరు, కాళహస్తి, ఓపికుంటే కాణిపాకం. ఆ తర్వాత రైలెక్కించేస్తాం. కాళహస్తి దాటి నాయుడుపేట మీదుగా పోతే రెండు గంటల్లోపే నేలపట్టు పక్షుల కేంద్రం వస్తుందని చెప్పేవాళ్లు తక్కువ. 2022లో జిల్లాలు మారాక నేలపట్టు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకే వచ్చాయి. అయినా మా వీధిలో చాలామందికి అక్కడి పక్షుల పండుగ ఫ్లెమింగో ఫెస్టివల్ అంటే టీవీలో చూసే సంబరమే.

మా ఇంట్లో మాత్రం చలికాలంలో ఒక ఆదివారం పులికాట్ సరస్సుకే. చీకటితోనే బయలుదేరి ముందు నేలపట్టు చేరతాం. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు కాపురాలు పెట్టి ఉంటాయి. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపను లాక్కుంటుంటే మా మనవడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. పక్కనే నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని అక్కడి రైతులు నమ్ముతారు. అందుకే పక్షి గూడు పెడితే ఊరికి సంతోషం.

అక్కడి నుంచి సూళ్లూరుపేట వెళ్లి, చెంగాళమ్మకు దండం పెట్టుకుని, శ్రీహరికోట రోడ్డు పడతాం. అటకానితిప్ప దగ్గర ఆగితే లోతు తక్కువ నీళ్లలో ఫ్లెమింగోలు ముక్కు తలకిందులుగా ముంచి మేస్తుంటాయి. ఆ గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదు. పిల్లగా ఉన్నప్పుడు అవి బూడిద రంగులోనే ఉంటాయి. నీళ్లలోని నాచు, చిన్న చిన్న రొయ్యల జాతి జీవులు తినగా తినగా ఆ రంగు పడుతుంది. సరస్సులో మేత బాగుందనడానికి ఆ రెక్కలే సాక్ష్యం.

మధ్యాహ్నం సూళ్లూరుపేటలో ఒక మెస్సుకు పోతాం. మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు, పీతల ఇగురు, రొయ్యల వేపుడు. పోయినసారి వడ్డించే ఆయన్ని అడిగాను, "ఇవి పులికాట్ రొయ్యలేనా?" అని. ఆయన నవ్వాడు. "యాడమ్మా! ఇవి గుంటల్లో పెంచిన రొయ్యలు. సరస్సు రొయ్య దొరికేదే తక్కువ, దొరికినా మద్రాసుకే పోతాది."

చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. అలాంటిది ఒడ్డునే కూర్చుని గుంట రొయ్య తినాల్సి రావడానికి కారణం ఉంది. సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే రాయదొరువు, తూపిలిపాలెం ముఖద్వారాలను అలలు తెచ్చే ఇసుక పూడ్చేస్తోంది. నీటి రాకపోకలు తగ్గితే వేసవికి సరస్సు ఉత్తర భాగం ఎండి, మిగిలిన నీళ్లు మరీ ఉప్పెక్కుతాయి. సముద్రం నుంచి రొయ్య పిల్ల, చేప పిల్ల లోపలికి రాలేవు. జాలరికి వల బరువు తగ్గుతుంది, పక్షికి మేత తగ్గుతుంది. ఇద్దరి ఆకలీ ఒకటే.

అయిదేళ్ల విరామం తర్వాత 2025 జనవరి 18 నుంచి 20 వరకు ఫ్లెమింగో పండుగ మళ్లీ జరిగింది. మంచిదే. కానీ పక్షులు ఉండేది మూడు రోజులు కాదు, అక్టోబరు నుంచి మార్చి దాకా. అధికారులను అడిగేది ఇదే: వేదికకు, పాటకచేరీకి పెట్టే ఖర్చులో కొంత తీసి చలికాలమంతా ప్రతి ఆదివారం తిరుపతి నుంచి ఒక బస్సు నడపండి. అటకానితిప్పలో ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి కట్టండి. పక్షుల పేర్లు తెలుగులో రాసిన బోర్డులు పెట్టండి. సరస్సులో పట్టిన చేపను అక్కడే వండి అమ్ముకునేలా జాలరి మహిళలకు నాలుగు దుకాణాలు ఇవ్వండి. వీటన్నిటికంటే ముందు, ముఖద్వారాల్లో ఇసుక తీసే పనిని ఒక్కసారితో వదిలేయకుండా ఏటా చేయండి. ఇసుక ఏటా వస్తూనే ఉంటుంది కదా!

మనం చేయాల్సిందీ ఉంది. గూళ్ల దగ్గర హారన్ కొట్టొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. భోజనానికి కూర్చున్నప్పుడు "ఇది సరస్సు రొయ్యేనా?" అని తప్పకుండా అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే సరస్సు చేపకు ఊళ్లోనే ధర పలుకుతుంది, సరస్సును కాపాడమని గట్టిగా అడిగే గొంతులూ పెరుగుతాయి.