మిల్లు కట్టిన ఊరు

నదీతీరాలలో నాగరికతలు వెలిశాయని మనం చరిత్ర పాఠాలలో చదువుకుంటాము. ఏటి ఒడ్డున ఒక మిల్లు వెలసి, దాని చుట్టూ ఊరు ఏర్పడడం కూడా చరిత్రయే. నార్వే దేశపు పశ్చిమ ప్రాంతంలోని డాలే గ్రామం అందుకు చక్కని నిదర్శనం.

బెర్గెన్ నగరం నుండి వోస్‌కు పోయే దారిలో, కొండల నడుమ ఇరుకైన లోయలో ఉన్నది డాలే. వానలు మెండు, సేద్యానికి అనువైన నేల స్వల్పం. కొండలపై నుండి దుమికే నీరు మాత్రం పుష్కలం. ఆ నీటిలో యంత్రాలను త్రిప్పగల శక్తిని గుర్తించినవాడు పీటర్ యెబ్సెన్. 1846లోనే బెర్గెన్ సమీపాన అర్నాలో యంత్ర మగ్గాల మిల్లును స్థాపించిన ఈ పారిశ్రామికుడు, 1879లో డాలేలో మరొక మిల్లును నెలకొల్పాడు. బెర్గెన్ నుండి వోస్‌కు రైలు మార్గం కావాలని పట్టుబట్టినవారిలో కూడా ఆయన ప్రముఖుడు. 1883లో ఆ మార్గం డాలే మీదుగా ప్రారంభమైంది. ఏరు మిల్లుకు శక్తినిచ్చింది. రైలు సరుకుకు దారి చూపింది. కొద్దిపాటి పొలాలు తప్ప మరేమీ లేని లోయలో కార్మికుల ఇళ్లు వెలిశాయి.

ఇంతటితో ఆపితే ఇది ఒక దాత కథగా మిగిలిపోతుంది. కాని అది సగం కథ మాత్రమేనని మా అభిప్రాయం. మిల్లు ఊళ్లలో పని ఇచ్చేవాడే తరచు ఇల్లు కూడా ఇచ్చేవాడు. పని పోతే తలదాచుకునే చోటు కూడా పోతుందన్న భయం ఉన్నప్పుడు కార్మికుడు నోరు విప్పడం సులభమా? ఆనాటి నార్వే వస్త్ర పరిశ్రమలో స్త్రీల శ్రమ అధికం. పిల్లలు కూడా మిల్లు పనికి పోయేవారు. ఏడేళ్ల చదువును ఏర్పరచిన ప్రజాపాఠశాలల చట్టం 1889లో వచ్చింది. పన్నెండేళ్లు నిండని పిల్లలను ఫ్యాక్టరీ పనిలో పెట్టరాదని 1892లో శాసించారు. ఎనిమిది గంటల పనిదినం 1919లో చట్టమైంది. వీటిని ఏ యజమానీ దయతలచి ప్రసాదించలేదు. ఉపకారం చేసిన చేయి ఏనాడైనా వెనక్కు పోవచ్చును. చట్టం ఇచ్చిన హక్కును అంత తేలికగా వెనక్కు తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

మిల్లు శాశ్వతం కాదనడానికి సాక్ష్యం ఆ పరిసరాలలోనే ఉన్నది. బెర్గెన్‌కు ఉత్తరాన సాల్‌హూస్ గ్రామంలో 1859లో స్థాపించిన అల్లిక దుస్తుల మిల్లు 130 సంవత్సరాలు నడిచి 1989లో మూతపడింది. అంతకు ముందరి దశాబ్దాలలో చౌక దిగుమతుల ధాటికి నార్వే వస్త్ర పరిశ్రమ అంతా క్రమంగా కుంచించుకుపోయింది. సాల్‌హూస్ మిల్లు భవనం 2001లో మ్యూజియంగా తిరిగి తలుపులు తెరిచింది. ఒకనాడు పొట్టకూటికై నడిపిన యంత్రాలను నేడు సందర్శకులు చూసి పోతున్నారు.

డాలే అదృష్టం వేరు. అక్కడి ఉన్ని స్వెట్టర్లు 1956లో ఇటలీలోని కోర్టినాలో జరిగిన శీతాకాల ఒలింపిక్ క్రీడలలో నార్వే స్కీ జట్టు ఒంటిపై మెరిశాయి. అటు తరువాత ఆ గ్రామం పేరే సరుకు పేరై దేశదేశాలకు ప్రాకింది. ఆ స్వెట్టరుకు కుట్టిన చీటీ మీద యెబ్సెన్ పేరు కనిపించదు. ఊరి పేరు కనిపిస్తుంది. స్థాపకుని కీర్తి కన్న చేతి పనితనానికే ఆయుర్దాయం ఎక్కువ అనడానికి ఇంతకన్న నిదర్శనం ఏమి కావాలి?

స్థాపకులను నిందించడం మా ఉద్దేశం కాదు. యెబ్సెన్ చూపు లేనిదే ఆ లోయలో మిల్లు లేదు. ఏ సంస్థనైనా నిలబెట్టినవారి పట్ల కృతజ్ఞత సముచితమే. అయితే ఆ సంస్థ నీడలో పెరిగినవారు దాని ఆవరణ దాటిన నాడు తమ వెంట ఏమి తీసుకొనిపోగలరు? చదువు, పనితనం, చట్టబద్ధమైన హక్కు. ఈ మూడింటిని ఇవ్వగలిగినదే మంచి సంస్థ.

మన విద్యార్థులలో ఇంట మగ్గం చప్పుడు వింటూ పెరిగినవారు కొందరుండవచ్చు. వారు చరిత్ర పుస్తకంలో “ఫలానా వారు మిల్లు కట్టించారు” అన్న వాక్యం చదివినప్పుడు, ఆ మిల్లును నడిపినవారెవరు, వారి పిల్లలు ఏ బడికి వెళ్లారు, మిల్లు మూసిన మరునాడు వారేమైనారు అని కూడా అడగాలని మేము కోరుతున్నాము. ఆ ప్రశ్నలకు సమాధానం దొరికిన నాడే ఊరి చరిత్ర పూర్తి అవుతుంది.